దారం కొస

ముక్క బొటనవేలి గోరంత ఉండాలి. అంతకు మించితే నోట్లో కరగడానికి ఎక్కువసేపు పడుతుంది. తగ్గితే కాగితం మడతలు పూర్తికాకముందే కరిగిపోతుంది. ఈ కొలత ఎక్కడా రాసిపెట్టి లేదు, అత్త చేతిలోనే ఉంది. కొట్టు తలుపు సగం తెరిచి, బల్ల వెనక గోడవారగా వేసుకున్న పాత పీట మీద కూర్చుని ఆమె పొద్దుటి ముక్కలు కోస్తోంది. కత్తి దిగినప్పుడల్లా ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమని చప్పుడవుతోంది. చప్పుడు మెత్తగా వస్తే ఆ చాక్లెట్ పలకను పక్కన పెట్టేస్తుంది. ఇవాళ ఒక్కటీ పక్కకు పోలేదు. అందుకామెకు సంతోషంగా ఉంది. పదకొండు గంటలకు పెద్ద షాపు నుంచి కొనుగోళ్ళు చూసే ఆఫీసరు వస్తున్నాడు.

అత్త అన్నది ఆమె పేరు కాదు. ఈ చాక్లెట్ కొట్టు పెట్టిన పిల్ల ఆమెకు మేనకోడలు, తమ్ముడి కూతురు. ఆ పిల్ల అత్తా అంటుంది కాబట్టి, వెనక గదిలో కోకో గింజలు వేయించి, నూరి, కరిగించే అతను కూడా అత్తా అన్నాడు. అతను రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు. అందుకే అతనికి మౌనస్వామి అని పేరు పెట్టింది ఆమె. అతన్ని చూసి పార్సిళ్ళు తీసుకెళ్ళే మనిషి, ఎదురుగా తాళాలు బాగుచేసే ముసలాయన, అందరూ అదే పిలుపు అందుకున్నారు. తాళాల ఆయన ఆమెకంటే కనీసం పదేళ్ళు పెద్ద. "ఇంత వయసొచ్చిన మేనల్లుడున్నాడని మా తమ్ముడికి తెలిస్తే గుండె ఆగిపోతుంది" అని ఆమె నవ్వేది.

పొట్టి మనిషి. అరవై ఒకటి నిండాయి. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసి, దాని మీద గుడ్డ కడుతుంది. కళ్ళజోడు ఎడమ కాడ విరిగితే దారంతో చుట్టుకుంది. ముందుకు కట్టుకునే నీలం గుడ్డకు రెండు జేబులు. కుడి జేబులో కత్తెర, మడతలు నొక్కే చెక్కబద్ద. ఎడమ జేబులో దారం ఉండ, దాని కింద ఎవరికీ చూపించని మాత్రల స్ట్రిప్పు. డాక్టరు ఆ మాత్రలు రాసిచ్చి, మెట్లెక్కొద్దు, బరువులెత్తొద్దు, పని తగ్గించండి అన్నాడు. ఆమె తలూపి వచ్చేసింది. చెబితే పిల్ల బెంగపెట్టుకుంటుంది, పైగా పీట లాక్కుంటుంది.

ఆ చేతులు ఒకప్పుడు బిస్కెట్ ఫ్యాక్టరీలో పనిచేశాయి. ప్యాకింగు సెక్షనులో పంతొమ్మిదేళ్ళు. బెల్టు మీద బిస్కెట్లు వస్తుంటే తీయాలి, పేర్చాలి, చుట్టాలి, అంటించాలి. నిమిషానికి పన్నెండు పొట్లాలు చుడితే మంచి పనిమంతురాలు అనేవారు. ఆమె పదిహేడు చుట్టేది. పక్క వరుసల్లోని ఆడవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. తర్వాత నిమిషానికి రెండు వందలు చుట్టే యంత్రం వచ్చింది. ప్రారంభానికి ఫొటో కావాలని మేనేజరు సెక్షనంతటికీ చురుకైన మనిషిని పిలిచాడు. పచ్చ బొత్తాం మీద ఆమె చేత వేలు పెట్టించి ఫొటో తీయించాడు. ఆమెను ఇంటికి పంపిన యంత్రాన్ని ఆమె వేలే మొదలుపెట్టింది. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆమె నవ్వుతుంది గాని, ఆ ఫొటో ఒక కాపీ ఇస్తామంటే మాత్రం తీసుకోలేదు.

"అత్తా, పెట్టెలు నేను తెస్తా, నువ్వు లేవకు" అంటూ మేనకోడలు వెనక గదిలోంచి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, సన్నగా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు ఉంటుంది. ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకుంది. ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో తడిగుడ్డ. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

"అది నిన్నటి నుంచి ఐదోసారి. ఇంకోసారి తుడిస్తే కర్ర బయటపడుతుంది."

"ఆయన చాలా పట్టింపు మనిషట అత్తా."

"చాక్లెట్ తినడానికొస్తున్నాడా, బల్ల నాకడానికొస్తున్నాడా?"

మేనకోడలు నవ్వబోయి మానేసింది. పాపం, నవ్వే ఓపిక లేదు. చాక్లెట్ మంచిదే, దాన్ని అమ్మడమే ఎవరి వల్లా కావడం లేదు. గింజల్ని వారం ముందు నుంచీ ఏరి, వేయించి, మూడు రోజులు నూరి చేసే చాక్లెట్. పంచదార తక్కువ, కొవ్వులేవీ కలపరు. నోట్లో పెట్టుకోగానే చేదు. ఆ చేదు కాసేపుంటుంది. తర్వాత వగరు. ఆ తర్వాత ఎక్కడో నాలుక వెనక నుంచి పండిన పండు రుచి ఒకటి బయలుదేరి నోరంతా నింపుతుంది. అంతదాకా ఆగేవాళ్ళు ఏరీ? మొదటి ఏడాది పిల్ల నిజాయితీకి పోయి పొట్లం మీద 'చేదు చాక్లెట్' అని పెద్దక్షరాలతో అచ్చు వేయించింది. నిజం చెప్పి సరుకు అమ్మాలనుకున్నవాళ్ళు ఈ వీధిలో వీళ్ళిద్దరే. ఆ పొట్లాలు చాలావరకు అలాగే ఉండిపోయాయి. మందుల షాపు వాళ్ళు కొన్ని తీసుకుని, షుగరు ఉన్నవాళ్ళకని దగ్గుమందు పక్కన పెట్టారు. ఫోన్లో ఫొటోలు పెట్టి ప్రచారం చేసే ఒక అమ్మాయిని కుదుర్చుకుంటే, ఐదు వేల మంది లైకులు కొట్టారు, ఐదుగురు కొన్నారు. ఆ ఐదుగురిలో ఒకరు మౌనస్వామి తల్లి.

ఇప్పుడు పెద్ద షాపు. వాళ్ళకు పదకొండు శాఖలున్నాయి. వాళ్ళ అరలో చోటు దొరికితే కొట్టు నిలబడుతుంది. దొరక్కపోతే సంవత్సరాంతానికి గదులు ఖాళీ చేసి, పిల్ల మళ్ళీ ఏదో ఆఫీసులో ఉద్యోగం వెతుక్కుంటుంది, మౌనస్వామి ఎక్కడికో పోతాడు. వాళ్ళు ముందే షరతులు పంపారు. పేరులోంచి చేదు తీసేయాలి. చుట్టడం యంత్రంతో జరగాలి, ప్రతి పొట్లం అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాలి. దారం ఉండకూడదు. మేనకోడలు అన్నిటికీ ఒప్పుకుంది. నిన్న సాయంత్రం అత్త పక్కన నేలమీద కూర్చుని, మాటలు కూడబలుక్కుని ఆ సంగతి చెప్పింది.

"నువ్వు కౌంటర్లో కూర్చుందువుగాని. ఇంక వేళ్ళు నొప్పులు పుట్టేలా చుట్టక్కర్లేదు."

"సరే" అంది అత్త. రెండోసారి కూడా యంత్రమే. పోనీ, ఈసారి యంత్రం కొనేది సొంత పిల్ల. పిల్ల నిలబడాలంటే పీట పోతే పోయింది అనుకుంది. అలా అనుకున్నందుకు ఆ పూట భోజనం మాత్రం సహించలేదు.

తొమ్మిదిన్నరకు మొదటి బేరం వచ్చింది. చేతిలో మందుల సంచి ఉన్న పెద్దమనిషి.

"ఇది షుగరున్నవాళ్ళు తినేదేనా అండీ?"

"అందరూ తినేదే నాయనా. ఇదిగో, ముందు రుచి చూడండి. కొరక్కండి, నాలుక మీద పెట్టుకుని ఊరుకోండి. కాస్త ఈ దారం కొస పట్టుకోండి, చుట్టి చూపిస్తాను."

ఆయన ముక్క నోట్లో వేసుకున్నాడు. నొసలు ముడిచాడు. ఎక్కడైనా ఉమ్మేయవచ్చేమోనని చుట్టూ చూశాడు. కానీ కుడిచేతి రెండు వేళ్ళ మధ్య దారం కొస ఉంది. ఉండ ఆమె ఒళ్ళో ఉంది. మధ్యలో ఆమె వెండికాగితం పరిచి, పలక పెట్టి, నింపాదిగా మొదటి మడత వేస్తోంది. పెద్దావిడ పని చేసుకుంటుంటే కొస వదిలేసి పోవడం ఎలా? ఆయన నిలబడ్డాడు. రెండో మడత, మూడో మడత. చెక్కబద్దతో అంచు నొక్కింది. మూలలు త్రికోణంలా ముడిచి లోపలికి దోపింది. పైన మందపాటి కాగితం. ఆరో మడత దగ్గర ఆయన నుదుటి మీద ముడతలు విడిపోయాయి. ఏడో మడత అయ్యేసరికి నోరు కదపకుండా కళ్ళు మాత్రం పెద్దవి చేశాడు. ఆమె తలెత్తకుండానే దారం రెండు చుట్లు తిప్పి, "ఇక వదలండి" అంది.

"ఇంకోటి కూడా చుట్టండి" అన్నాడాయన.

ఈ విద్య ఆమె ఎక్కడా చదవలేదు. ఆమె భర్త దర్జీ. గుడ్డ తెచ్చినవాడు కూలి దగ్గర బేరం మొదలుపెడితే, అతను కొలత టేపు ఒక కొస అతని చేతికిచ్చి "కాస్త పట్టుకోండి" అనేవాడు. "కొస పట్టుకున్నవాడు కదలడే, మాట కూడా తగ్గిస్తాడు" అని రాత్రి అన్నం తింటూ చెప్పేవాడు. అతను పోయి పద్నాలుగేళ్ళయింది. అతని కత్తెరే ఆమె జేబులో ఉంది. కొట్టు పెట్టిన కొత్తలో వాన పడుతున్న ఒక రోజు, తలదాచుకోవడానికి వచ్చిన ఒకతనికి ముక్క పెట్టింది. అతను ఉమ్మబోతుంటే ఏం చేయాలో తోచక దారం కొస చేతిలో పెట్టింది. చుట్టడం ముగిసేసరికి అతని మొహం మారింది. అప్పటినుంచి ఆమె మడతల వేగాన్ని ముక్క కరిగే వేగానికి సరిపెట్టుకుంది. నిమిషానికి పదిహేడు పొట్లాలు చుట్టిన చేతులకు ఒక్క పొట్లం నిమిషంన్నర సేపు చుట్టడం నేర్పడానికి మూడు నెలలు పట్టింది. మేనకోడలికి ఈ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన విషయమనే ఆమెకు తోచలేదు. పిల్ల కంప్యూటరు ముందు, వెనక గదిలో, ఫోన్లో. అత్త పెద్దదైపోయింది, చేతులు సాగడం లేదు అని ఆ పిల్ల నమ్మకం.

పెద్దమనిషి వెళ్ళాక ఆమె పై అరలోంచి కాగితాల కట్ట దించబోయి ఆగింది. ఎడమ భుజం లాగుతోంది. మొన్న అట్టపెట్టెలు సర్దినందుకే అయ్యుంటుంది. పీట మీద కూర్చుని, నీళ్ళు తాగి, జేబులోంచి ఒక మాత్ర తీసి నాలుక కింద పెట్టుకుంది. చాక్లెట్ కంటే ఇదే చేదు అనుకుని తనలో తనే నవ్వుకుంది. వెనక గది గుమ్మంలో మౌనస్వామి నిలబడి చూస్తున్నాడు.

"ఏంటత్తా?"

"ఏమీ లేదు. ఇవాళ్టి కోటాలో ఒక మాట అయిపోయింది, పో."

ఆఫీసరు పదకొండుకు ఐదు నిమిషాల ముందే వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెడలో కార్డు, చేతిలో టిష్యూ కాగితాల పొట్లం. పొద్దుటినుంచి నాలుగు చోట్ల తినుబండారాలు రుచి చూసి వస్తున్నానని, ఇది ఐదోదని మర్యాదగానే చెప్పాడు. నాలుక అలసిపోయినవాడి మొహం ఎలా ఉంటుందో అత్త అప్పుడే చూసింది. మేనకోడలు కుర్చీ వేసింది, లాప్‌టాప్ తెరిచింది. గింజలు ఎక్కడివి, ఎలా వేయిస్తారు, రంగుల గీతలు, అంకెలు. అన్నీ బాగానే చెప్పింది. అత్త తన పీట మీద తనకేమీ పట్టనట్టు కూర్చుంది. చేతులు మాత్రం ఒళ్ళో దారం ఉండను తిప్పుతూనే ఉన్నాయి.

"రుచి చూద్దామా" అన్నాడాయన.

మేనకోడలు పింగాణీ పళ్ళెంలో ముక్క ఇచ్చింది. అందంగా ఉండాలని పెద్ద ముక్క పెట్టింది. అత్త అది చూసి లోపల గతుక్కుమంది. ఆయన కొరికాడు. రెండుసార్లు నమిలాడు. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు గాని ఎడమచేయి టిష్యూ పొట్లం వైపు వెళ్ళింది.

"మేడం, నాణ్యత గురించి నాకు అనుమానం లేదు. కానీ మా దగ్గర మనిషి ఒక వస్తువు ముందు నిలబడేది మూడు సెకన్లు. ఈ చేదు..."

"పేరు మారుస్తున్నామండీ. ప్యాకింగు కూడా యంత్రంతో..."

"పేరు మారిస్తే నోరు మారదు కదా" అన్నాడాయన. ఆ మాట వెటకారంగా అనలేదు, నిజంగానే జాలిపడ్డాడు. టిష్యూ ఒకటి బయటికి లాగాడు. మేనకోడలు మొహం తెల్లబోయింది. అత్త ఆ మొహం ఇంతకు ముందు ఒక్కసారే చూసింది. తల్లి పోయి, పదేళ్ళ పిల్ల సంచీ పట్టుకుని తన గుమ్మంలో నిలబడినప్పుడు. ఆరోజు కూడా ఏడవలేదు, ఇలాగే పెదాలు బిగపట్టి నిలబడింది.

అత్త లేచింది. డబ్బా మూత తీసి గోరంత ముక్క అరచేతిలో పెట్టి ఆయన ముందుకు చాపింది.

"బాబూ, అది పెద్దదైపోయింది. మింగేసి నీళ్ళు తాగండి. ఇది కొరకొద్దు, నాలుక మీద పెట్టుకోండి చాలు."

"అత్తా, ఇప్పుడెందుకు..." మేనకోడలు గొంతు తగ్గించి అంది.

"నువ్వుండవే. కాస్త ఈ దారం కొస పట్టుకోండి బాబూ. ఇంత దూరం వచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపితే బాగుండదు. ఒకటి చుట్టిస్తాను."

అలా అడిగితే కాదనగలిగినవాడు ఇంతవరకూ ఆ కొట్టుకు రాలేదు. పదకొండు శాఖల ఆఫీసరు కూడా టిష్యూ బల్ల మీద పెట్టి, దారం కొస పట్టుకున్నాడు. అత్త పీట మీద సర్దుకుని కూర్చుంది. వెండికాగితం పరిచింది. వెనక నూరే యంత్రం గుయ్యిమంటోంది. ఒకటో మడత. ఆయన కళ్ళు గడియారం వైపు వెళ్ళాయి. రెండో మడత. కళ్ళు తిరిగి ఆమె వేళ్ళ మీదికి వచ్చాయి. ఆమె తొందరపడలేదు. చెక్కబద్ద అంచు మీద ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒకే జారుడుగా నడిచింది. ఆమె భుజం లాగుతూనే ఉంది. కానీ చేయి వణకలేదు, అందుకామె తన చేతిని మనసులోనే మెచ్చుకుంది. నాలుగు. ఐదు. మూల ముడిచి దోపింది. ఆయన దవడ సడలింది. ఆరో మడత దగ్గర ఆయన ఊపిరి ముక్కుతో నెమ్మదిగా పీల్చడం మేనకోడలికి కూడా వినిపించింది. ఏడు. దారం బిగిసింది.

"ఇక వదలండి."

ఆయన వెంటనే వదల్లేదు. "ఏదో పండులా వస్తోంది" అన్నాడు. "ఇందాక లేదే ఇది."

"ఉంది బాబూ. మీరే ఉండలేదు."

ఆయన నవ్వాడు. ఇంటికి ఇంకో ఐదు కావాలన్నాడు. రెండోదానికి ఆమె అడగకముందే కొస కోసం చేయి చాపాడు. ఐదూ అయ్యేదాకా అలాగే కూర్చుని, మధ్యలో మోగిన ఫోను కూడా ఎత్తలేదు.

తర్వాత మేనకోడలి వైపు తిరిగి సూటిగా చెప్పాడు. "మేడం, అరలో చోటు ఇవ్వలేను. అరలో ఇది చచ్చిపోతుంది. అక్కడ కొస పట్టుకునేవాళ్ళు ఎవరుంటారు?" మేనకోడలు తలదించుకుంది. "కానీ మా పెద్ద శాఖలో గుమ్మం పక్కన ఒక బల్ల ఖాళీగా ఉంది. శని, ఆదివారాలు మీకిస్తాను. మూడు నెలలు చూద్దాం. బాగుంటే మిగతా పది శాఖల్లోనూ బల్లలు వేద్దాం. కాకపోతే యంత్రం వద్దు. చేత్తోనే చుట్టాలి, దారం ఉండాలి, అచ్చం ఈవిడ చుట్టినట్టే."

మేనకోడలు లాప్‌టాప్ మూత దించింది. అత్తే అడిగింది.

"బల్ల ఎత్తెంత బాబూ?"

"ఎత్తా? తెలీదండీ."

"కనుక్కుని చెప్పండి. పీట దానికి సరిపోవాలి."

ఆయన వెళ్ళాక మేనకోడలు బల్ల మీద తలవాల్చి, నవ్వో ఏడుపో తెలియనట్టు కాసేపు ఊగింది. మౌనస్వామి గుమ్మంలోకి వచ్చి "బాగుంది" అన్నాడు, లోపలికి పోయాడు.

"ఇన్నాళ్ళూ నీ చేతులు సాగడం లేదనుకున్నాను అత్తా."

"నా చేతులకేం రోగమే? నిమిషానికి పదిహేడు చుట్టినదాన్ని. నిదానం నాకు పుట్టుకతో రాలేదు, కష్టపడి నేర్చుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు? నిన్న యంత్రం కొంటానంటే సరే అన్నావు కూడాను!"

అత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆమెకు గర్వంగా ఉంది, అది దాచుకోవాలని కూడా అనిపించలేదు. జీవితంలో ఒక యంత్రం ఆమెను ఇంటికి పంపింది. ఇవాళ ఇంకో యంత్రాన్ని ఆమె గుమ్మం దగ్గరే ఆపేసింది.

"నువ్వు అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదు, మేనత్త ఎక్కడ పెడుతుంది? రా, ఇటు కూర్చో. శనివారానికి నువ్వు కూడా చుట్టాలి."

"నువ్వుంటావుగా?"

"ఒక్కదాన్నే పదకొండు బల్లల దగ్గర ఎలా కూర్చోను? రావే."

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టారు. మేనకోడలి వేళ్ళు పొడుగైనవి, చురుకైనవి. అదే తిప్పలు. మొదటి పొట్లం ముప్పై సెకన్లలో అయిపోయింది, మూల నోరు తెరుచుకుంది. విప్పు అంది అత్త. రెండోదానికి వెండికాగితం చిరిగింది. మూడోది బాగానే వచ్చింది గాని మధ్యలో ఫోను వైపు చూసింది, అందుకని అదీ విప్పించింది.

"ఆలస్యం అమృతం విషం అంటారు కదత్తా" అని మేనకోడలు విసుక్కుంది.

"అది అమృతానికి. మనది చాక్లెట్."

నాలుగోది, ఐదోది, ఆరోది. కిటికీలోంచి ఎండ బల్ల చివరికి జరిగింది. ఎదురుగా తాళాల ఆయన రేకు మీద ఏదో సన్నగా కొడుతున్నాడు. ఎనిమిదో పొట్లం అత్త విప్పించలేదు. తిప్పి చూసి, మూలల్ని బొటనవేలితో తడిమి, పక్కన పెట్టింది. అంతకంటే పెద్ద మెప్పు ఆమె దగ్గర లేదని మేనకోడలికి తెలుసు. చిన్నప్పుడు మంచి మార్కులు తెచ్చినా ఇంతే, కాగితం మడతపెట్టి బీరువాలో పెట్టేది.

"ఇప్పుడు అసలు పరీక్ష" అంది అత్త. "నువ్వు నా పీట మీద కూర్చో. నేను బేరానికొచ్చినదాన్ని."

చోట్లు మారారు. అత్త గోడకు ఆనించిన కుర్చీలో, పొద్దున ఆఫీసరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. ఎడమచేయి ఒళ్ళో పెట్టుకుంది. డబ్బాలోంచి ముక్క తీసి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"ఏమ్మా, మాడిపోయిందా ఇది? షుగరున్నవాళ్ళదా?"

మేనకోడలు నవ్వు ఆపుకుంటూ దారం కొస అందించింది. "కాస్త ఇది పట్టుకోండమ్మా, చుట్టిస్తాను. ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నారా?"

"నాకేం తొందర లేదు. నువ్వు చుట్టు" అంది అత్త.

మేనకోడలు తల వంచింది. వెండికాగితం పరిచి పలకను నడిమధ్య పెట్టింది. ఒకటో మడత. చెక్కబద్ద పట్టుకుంటే అది ఇంకా అత్త చేతి వేడితో ఉంది. రెండు. మూడు. ఫోను ఎక్కడుందో కూడా గుర్తులేదు. నాలుగో మడతలో మూల మొదటిసారి దానంతటదే లోపలికి ఒదిగినట్టు ఒదిగింది. ఐదు. వేళ్ళు తనవి కానంత నెమ్మదిగా కదులుతుంటే ఆమెకు లోపల ఏదో నిండుతున్నట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ తను ఎవరికోసం పరుగెత్తిందో తెలియలేదు. ఆరు. ఏడు. దారం తిప్పింది, లాగింది. అటువైపు కొస గట్టిగానే ఉంది.

"ఇక వదలండమ్మా."

కొస వదల్లేదు. ఆమె తలెత్తింది. అత్త తల గోడకు ఆన్చి ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి, పెదాలు కలిసి ఉన్నాయి. చేదు తగ్గి రుచి వచ్చే వేళకు అందరి మొహాలూ అలాగే ఉంటాయి. రుచి చూస్తోంది కాబోలు అనుకుని మేనకోడలు కాసేపు ఆగింది. ఆగడం ఇప్పుడే నేర్చుకుంది కదా. ఎదురుగా తాళాల ఆయన కొట్టడం ఆపాడు. వెనక నూరే యంత్రం గుయ్యిమంటూనే ఉంది.

"అత్తా" అంది. తర్వాత లేచి చేయి పట్టుకుంది. తర్వాత మౌనస్వామిని పిలిచింది. అతను పరుగెత్తుకొచ్చి చూసి, ఆరోజుకు మిగిలిన మాటలు కూడా మాట్లాడలేదు. డాక్టరు వచ్చి చూసి, జేబులోని మాత్రల స్ట్రిప్పు తిప్పి, నొప్పి ఎక్కువసేపు లేదులెండి అన్నాడు.

అత్త పోయాక మూడో శనివారం పెద్ద షాపు గుమ్మం పక్కన బల్ల వేశారు. పీట బల్లకు నాలుగు వేళ్ళు తక్కువైంది. మౌనస్వామి పీట కోళ్ళకు చెక్కముక్కలు కొట్టి ఇచ్చాడు. మొదటిగా ఒకావిడ వచ్చి ముక్క నోట్లో వేసుకుని మొహం ముడిచింది. మేనకోడలు తొందరపడకుండా, "కాస్త ఈ దారం కొస పట్టుకోండి" అంది. ఆవిడ పట్టుకుంది. వెనక ఇద్దరు నిలబడ్డారు, సాయంత్రానికి వరుస గుమ్మం దాటింది. మెడలో కార్డున్న ఆఫీసరు దూరంగా నిలబడి చూసి వెళ్ళాడు. సోమవారం మిగతా పది శాఖల నుంచీ బల్లల ఎత్తు రాసి పంపాడు.

అత్తకు చుట్టిన ఆ పొట్లాన్ని మేనకోడలు ఎవరికీ అమ్మలేదు, విప్పలేదు. కొట్టులో డబ్బా పక్కన అలాగే ఉంది. ఏడు మడతలూ సరిగ్గా ఉన్నాయి, మూలలు నోరు తెరవలేదు. ముడి మాత్రం వేయలేదు. చుట్టూ తిరిగిన దారం కొస బల్ల మీదికి జారి ఉంది. రెండు వేళ్ళు పట్టుకున్నచోట అది ఇంకా కొద్దిగా నొక్కుకుపోయి ఉంది.